గార్డు పెట్టె కట్టిన వాల్ట్ డిస్నీ

పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు నా ముందు ఒక అట్టపెట్టె పెట్టారు. తెరిచి చూస్తే అందులో ఒక రైలు పెట్టె. మా ఏడో తరగతి బాబు చేశాడు. కిటికీలకు అగ్గిపుల్లలతో ఊచలు, లోపల ఐస్‌క్రీం పుల్లలతో బెర్తులు, చివరికి చైన్ లాగే ఎర్ర పిడి కూడా ఉంది. యూనిట్ టెస్టుల వారంలో రాత్రి పదకొండు దాకా దీనితోనే కూర్చున్నాడట. వీడిని ఏం చేయమంటారు మేడం అని ఆయన అడిగారు. ఆయన కోపంలో తప్పులేదు. మార్కులు నిజంగానే తగ్గాయి. నాకు అప్పటికప్పుడు ఏం చెప్పాలో తోచక వాల్ట్ డిస్నీ పేరు ఎత్తాను. మిక్కీ మౌస్ ఆయనకి దీనితో సంబంధం ఏమిటని ఆయన ఆశ్చర్యపోయారు. వెనక ఇంకా పన్నెండు మంది పేరెంట్స్ లైన్లో ఉన్నారు, చెప్పడానికి టైం లేకపోయింది. ఆ రోజు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

వాల్ట్ డిస్నీ 1901 డిసెంబర్ 5న అమెరికాలోని చికాగో నగరంలో పుట్టారు. తండ్రి ఎలియాస్, తల్లి ఫ్లోరా. నలుగురు మగపిల్లల్లో వాల్ట్ చివరివాడు, తర్వాత ఒక చెల్లెలు. ఎలియాస్‌కి వడ్రంగం బాగా వచ్చు. 1893లో చికాగోలో జరిగిన పెద్ద ప్రపంచ ప్రదర్శనకు భవనాలు కట్టిన వడ్రంగుల్లో ఆయన ఒకరు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది. వాల్ట్‌కి నాలుగేళ్లు నిండిన తర్వాత, 1906లో, కుటుంబం మిస్సోరీ రాష్ట్రంలోని మార్సెలీన్ అనే చిన్న ఊరికి వెళ్లి వ్యవసాయం మొదలుపెట్టింది.

మార్సెలీన్ అంటే రైలు ఊరు. శాంటా ఫే రైల్వే లైను అటుగా పోతుంది. వాల్ట్ బంధువు మైక్ మార్టిన్ ఆ లైన్లో ఇంజన్ డ్రైవరు. పిల్లవాడు పట్టాల మీద చెవి ఆనించి దూరాన వచ్చే బండి చప్పుడు వినేవాడు. మన పల్లెల్లో పిల్లలు చేసిన పనే ఇది. ఇప్పుడు మాత్రం ఎవరూ చేయకూడదు, చేయనివ్వకూడదు. ఆ పొలం దగ్గర ఒక గడ్డి కొట్టం ఉండేది, ధాన్యం, పశువుల మేత పెట్టుకునే కొయ్య కొట్టం. వాల్ట్ అక్కడ గడిపింది నాలుగైదేళ్లే. అయినా జీవితాంతం తన బాల్యం అంటే ఆ ఊరే అన్నట్టు మాట్లాడేవారు.

తండ్రికి జబ్బు చేసింది, పొలం అమ్మేశారు. 1911లో కాన్సస్ సిటీకి మకాం మార్చారు. అక్కడ తండ్రి న్యూస్‌పేపర్ ఏజెన్సీ తీసుకున్నారు, కొడుకులు పేపర్లు వేశారు. తొమ్మిది, పదేళ్ల పిల్లవాడు తెల్లవారుజామున మూడున్నరకు లేచి, మంచులో ఇల్లిల్లూ తిరిగి పేపర్లు వేసి, తర్వాత బడికి వెళ్లేవాడు. ఇలా ఒకటి రెండు నెలలు కాదు, ఆరేళ్లు. క్లాసులో నిద్రపోయేవాడంటే ఆశ్చర్యం ఏముంది? తండ్రి దీనికి జీతం ఇచ్చేవారు కాదు. పెద్దయ్యాక కూడా, పేపర్లు కొన్ని ఇళ్లకు వేయడం మర్చిపోయినట్టు వాల్ట్‌కి పీడకలలు వచ్చేవట.

1917 వేసవిలో, పదిహేనేళ్ల వయసులో, రైల్లో సరుకులు అమ్మే పని దొరికింది. పేపర్లు, మిఠాయిలు, పళ్లు, కూల్‌డ్రింకులు బుట్టలో పెట్టుకుని పెట్టె పెట్టెకీ తిరగడం. మన ప్యాసింజర్ బళ్లలో పల్లీలు, జామకాయలు అమ్మేవాళ్ల లాగే. డిపాజిట్ డబ్బు అన్న రాయ్ సర్దాడు. వ్యాపారంగా చూస్తే అది పూర్తి నష్టం. ఖాళీ సీసాలు పోయేవి, పళ్లు కుళ్లిపోయేవి, కుర్రాళ్లు ఏడిపించేవారు. కానీ వాల్ట్ మనసు సరుకు మీద లేదు. ఇంజన్ డ్రైవర్లకు చుట్టలు, పొగాకు ఇచ్చి మంచి చేసుకుని ఇంజన్లో ఎక్కి కూర్చునేవాడు. వేసవి అయిపోయేసరికి అన్న డిపాజిట్ కూడా పోయింది.

ఆ తర్వాతి కథ చాలామందికి తెలిసిందే, నేను త్వరగా దాటేస్తాను. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన రోజుల్లో ఫ్రాన్సులో రెడ్‌క్రాస్ అంబులెన్సు నడిపారు. తిరిగొచ్చి కాన్సస్ సిటీలో కార్టూన్ కంపెనీ పెట్టారు. 1923లో అది దివాలా తీసింది. జేబులో 40 డాలర్లతో, ఫస్ట్ క్లాస్ టికెట్ కొనుక్కుని మరీ రైలెక్కి హాలీవుడ్ వెళ్లారు. (దివాలా తీసినవాడు ఫస్ట్ క్లాసులో వెళ్లడం నాకు భలే నచ్చుతుంది.) అన్న రాయ్‌తో కలిసి స్టూడియో పెట్టారు. 1925లో స్టూడియోలో పనిచేసే లిలియన్‌ని పెళ్లి చేసుకున్నారు. 1928లో తాము తయారుచేసిన ఆస్వాల్డ్ అనే కుందేలు బొమ్మ హక్కులు తమవి కావని, పంపిణీదారు చేతిలో ఉన్నాయని తెలిసింది. అదే ఏడాది మిక్కీ మౌస్ పుట్టింది. 1937లో స్నో వైట్ విడుదలైంది. ఇక్కడిదాకా ఎవరు చెప్పినా చప్పట్లే.

నేను చెప్పదలచుకున్నది దాని తర్వాతి పదేళ్ల గురించి. స్ఫూర్తి కథల్లో ఆ పదేళ్లు సాధారణంగా కనిపించవు.

1931లోనే ఆయన ఒకసారి పని ఒత్తిడితో కుప్పకూలారు. మనసు పూర్తిగా అలిసిపోయింది. అప్పటినుంచి ఆరోగ్యం కోసం ఆటల్లో పడ్డారు. గుర్రాల మీద ఆడే పోలో మొదలుపెట్టి, అందులో మెడ ఎముకకు దెబ్బ తగిలించుకున్నారు. ఆ నొప్పి చివరిదాకా వదల్లేదు. స్నో వైట్ డబ్బుతో అన్నదమ్ములు తల్లిదండ్రులకు లాస్ ఏంజిలెస్‌లో ఇల్లు కొనిచ్చారు. 1938 నవంబర్లో ఆ ఇంట్లోని గ్యాస్ హీటర్ లోపం వల్ల విషవాయువు వ్యాపించి తల్లి ఫ్లోరా చనిపోయారు. కొడుకు కొనిచ్చిన ఇంట్లో. ఆ విషయం గురించి వాల్ట్ ఎప్పుడూ నోరు విప్పేవారు కాదు. 1940లో వచ్చిన పినోకియో, ఫాంటసియా ఎంతో ఖర్చుపెట్టి తీసినవి. యుద్ధం వల్ల యూరప్ మార్కెట్ మూతపడి రెండూ నష్టపోయాయి. 1941లో స్టూడియో కళాకారులు సమ్మెకు దిగారు. జీతాల్లో తేడాలు నిజంగానే ఎక్కువగా ఉండేవి, వాళ్ల అసంతృప్తికి కారణాలున్నాయి. వాల్ట్ మాత్రం దాన్ని సొంత ఇంటివాళ్లు చేసిన ద్రోహంలా తీసుకున్నారు. ఆ చేదు ఆయనలో మిగిలిపోయింది. తర్వాత యుద్ధకాలం, ప్రభుత్వం కోసం ట్రైనింగ్ సినిమాలు, పెరిగిన బ్యాంకు అప్పు.

1947 నాటికి ఆయన వయసు నలభై ఐదు దాటింది. బయటికి ప్రపంచమంతా తెలిసిన మనిషి. లోపల మెడనొప్పి, చిరాకు, పని మీద తగ్గిపోయిన ఉత్సాహం. సాయంత్రాలు స్టూడియో నర్సు హేజెల్ జార్జ్ మెడకు చికిత్స చేస్తూ ఆయన మాటలు వినేది. పని కాని పని ఏదైనా పెట్టుకోమని, కొన్నాళ్లు ఎటైనా వెళ్లి రమ్మని ఆమే ప్రోత్సహించింది.

ఆ క్రిస్మస్‌కి వాల్ట్ తన కోసం ఒక లయనెల్ కంపెనీ ఎలక్ట్రిక్ బొమ్మ రైలు కొనుక్కున్నారు. ఆఫీసు పక్క గదిలో పట్టాలు పరిచి నడిపేవారు. అదే స్టూడియోలో ఇద్దరు యానిమేటర్లకు ఇంకా పెద్ద పిచ్చి ఉందని తెలిసింది. వార్డ్ కింబల్ తన ఇంటి స్థలంలో నిజమైన పాత ఆవిరి ఇంజనునే పెట్టుకున్నాడు. ఆలీ జాన్‌స్టన్ అసలు సైజులో పన్నెండో వంతు ఉండే ఆవిరి రైలును పెరట్లో నడపడానికి తయారు చేయిస్తున్నాడు. అది చూశాక గదిలోని బొమ్మ రైలు వాల్ట్‌కి ఆనలేదు. 1948 ఆగస్టులో కింబల్‌ని వెంటబెట్టుకుని చికాగోలో జరుగుతున్న రైల్వే ప్రదర్శనకు, రైల్లోనే వెళ్లారు. అక్కడ పాత ఇంజన్లు తోలే అవకాశం కూడా దొరికింది. తిరిగొచ్చిన మనిషిలో మార్పు అందరికీ కనిపించింది.

1949లో లాస్ ఏంజిలెస్‌లోని హోంబీ హిల్స్‌లో ఇల్లు కట్టుకోవడానికి స్థలం కొన్నారు. ఇంటికంటే ముందు రైలు లైను ఎటు వెళ్లాలో ఆలోచించిన మనిషి ఆయన. లిలియన్‌కి తోట కావాలి, ఆయనకి పట్టాలు కావాలి. చివరికి స్టూడియో లాయరు చేత ఒక ఒప్పందపత్రం రాయించి, తోటలోంచి రైలు పోవడానికి అభ్యంతరం లేదని భార్యతోనూ, కూతుళ్లు డయాన్, షారన్‌లతోనూ సంతకాలు పెట్టించుకున్నారు. సగం సరదా, సగం నిజం. లిలియన్ పూలమొక్కల చోట మాత్రం రైలు నేల మీద పోకూడదు. అందుకని పూలతోట కింద నుంచి 90 అడుగుల సొరంగం తవ్వించారు. తిన్నగా తవ్వితే ఖర్చు తక్కువ. కానీ ఈ చివర నిలబడితే ఆ చివర కనిపించకూడదని, చీకట్లోకి వెళ్తున్నట్టు ఉండాలని, సొరంగాన్ని ఎస్ అక్షరంలా వంకర తిప్పించారు.

లైను మొత్తం పొడవు 2,615 అడుగులు. అంటే దాదాపు 800 మీటర్లు. 46 అడుగుల కొయ్య వంతెన ఒకటి. ఈ రైలుకు కరోల్‌వుడ్ పసిఫిక్ అని పేరు పెట్టారు, ఇల్లున్న వీధి పేరు మీద.

ఇక్కడ కొలతల గురించి రెండు ముక్కలు చెప్పాలి. మీ పిల్లలు లెక్కల్లో నిష్పత్తి నేర్చుకుంటున్న వయసువాళ్లయితే ఇది చదివి వినిపించండి. వాల్ట్ ఎంచుకున్నది ఎనిమిదో వంతు స్కేలు. అసలు వస్తువు ఎనిమిది అంగుళాలుంటే నమూనా ఒక అంగుళం. అమెరికాలో పట్టాల మధ్య దూరం 1,435 మిల్లీమీటర్లు. దాన్ని ఎనిమిదితో భాగిస్తే 179 వస్తుంది. వాల్ట్ లైనులో పట్టాల మధ్య దూరం ఏడుంపావు అంగుళాలు, అంటే 184 మిల్లీమీటర్లు. కొంచెం తేడా, పర్వాలేదు. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు కాబట్టి, అదే స్కేల్లో మన గోదావరి ఎక్స్‌ప్రెస్ చేయాలంటే పట్టాలు 21 సెంటీమీటర్ల ఎడంలో వేయాలి. స్కేలుకు వెళ్లి తెచ్చుకోండి, ఎంత ఉంటుందో చూడండి. ఆ రైల్లో ఆరడుగుల మనిషి తొమ్మిది అంగుళాలు ఉంటాడు.

ఇంజను పాత సెంట్రల్ పసిఫిక్ రైల్వే వారి 173వ నంబరు ఇంజనుకు నమూనా. స్టూడియో మెషిన్ షాపు పెద్ద రోజర్ బ్రాగీ, ఆయన మనుషులు కట్టారు. బొగ్గు వేస్తే నిజంగా ఆవిరితో నడుస్తుంది. భార్య పేరు కలిసొచ్చేలా దానికి లిలీ బెల్ అని పేరు పెట్టారు. తోట పోయినందుకు పరిహారం అనుకోవచ్చు. యజమాని డబ్బిస్తాడు, పనివాళ్లు చేస్తారు, అక్కడితో అయిపోయే కథే ఇది. అయిపోలేదు. వాల్ట్ సాయంత్రాలు మెషిన్ షాపుకి వెళ్లి, తనకూ ఒక బల్ల కేటాయించమన్నారు. లేత్ మిషన్ మీద పనిచేయడం, రేకు కోయడం, అతకడం బ్రాగీ దగ్గర మొదటినుంచి నేర్చుకున్నారు. ఆ షాపులో ఆయన యజమాని కాదు, నేర్చుకునే కుర్రాడు. చేతిపట్టీలు, జెండా దిమ్మెలు లాంటి చిన్న భాగాలు సొంతంగా చేశారు. చెక్కపని మాత్రం ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది, తండ్రి దగ్గర ఎప్పుడో చూసిందే. ఎలియాస్ అప్పటికి లేరు, 1941లో పోయారు. తండ్రీకొడుకుల మధ్య పెద్ద ప్రేమ ఉండేదని చెప్పలేం. కానీ చేతుల్లో ఆయన పనే మిగిలింది.

గూడ్సు పెట్టెలు స్టూడియోలో తయారయ్యాయి. పైకప్పు లేని పెట్టెల్లో మెత్తని సీట్లు వేసి అతిథుల్ని కూర్చోబెట్టేవారు. చూడ్డానికి బొమ్మ, మోసేది నిజం మనిషిని. అందుకే ఇలాంటి తోట రైళ్ల పెట్టెలు కట్టేటప్పుడు పైన చెక్కపని ఎంత నాజూకుగా ఉన్నా కింద చక్రాల ఫ్రేము, స్ప్రింగులు గట్టిగా ఉండాలి. లేకపోతే మలుపులో పక్కకి ఒరుగుతుంది.

కానీ రైలు చివరన ఉండే గార్డు పెట్టెను మాత్రం వాల్ట్ దాదాపు మొత్తం తన చేతులతోనే కట్టారు. అమెరికా గూడ్సు బళ్లలో గార్డు పెట్టె మన బ్రేక్‌వ్యాన్ కంటే పెద్దది. సిబ్బంది రోజుల తరబడి అందులోనే పడుకుని, వండుకుని ప్రయాణించేవారు. కాబట్టి అది ఒక చిన్న ఇల్లు. ఎర్రరంగు, పైకప్పు మధ్యలో చుట్టూ చూడ్డానికి ఎత్తుగా ఒక గూడు, రెండు కొసలా వరండాలు. లోపల పడుకునే బల్లలు, బట్టలు పెట్టుకునే అల్మారాలు, ముఖం కడుక్కునే స్టాండు, చలి కాచుకునే ఇనుప పొయ్యి. ఆ కాలపు న్యూస్‌పేపర్లను ఫొటో తీసి ఎనిమిదో వంతుకు కుదించి లోపల పెట్టారు. ఒకప్పుడు చలిలో పేపర్లు వేసిన పిల్లవాడికి ఆ ఆలోచన రావడం సహజమే అనుకుంటాను.

ఆలోచించండి, ఆ పెట్టె తలుపు మూసేస్తే ఇవేవీ ఎవరికీ కనిపించవు. రైలు నడుస్తుంటే అసలే కనిపించవు. చిన్న వస్తువులు చేయడంలో ఉన్న కష్టం కూడా అదే. అసలు పెట్టెలో అంగుళం మందం చెక్క, ఇక్కడ మూడు మిల్లీమీటర్లు. నిజం చెక్కలోని గీతలు పెద్దవిగా కనిపించి మోసం బయటపడుతుంది, కాబట్టి సన్నటి గీతలున్న చెక్క ఏరుకోవాలి. మామూలు మేకు కొడితే ఆ స్కేల్లో అది గునపంలా కనిపిస్తుంది. రంగు ఒక పూత ఎక్కువైతే మూలలన్నీ మొద్దుబారతాయి. ఒక తలుపు గొళ్లెం కోసం ఒక సాయంత్రం పోతుంది. సినిమాలో ఆయన చేతికింద వందలమంది పనిచేసేవారు. చాలా ఏళ్లుగా బొమ్మలు గీయడం కూడా మానేశారు. ఒక్క గొళ్లెమైనా మొదటినుంచి చివరిదాకా నేనే చేశాను అనుకోవడానికి ఆయనకి ఇదొక్కటే మిగిలింది. ఇది నా ఊహే. కానీ ఆ పెట్టె ఫొటోలు చూస్తే మీకూ అలాగే అనిపిస్తుంది.

ముఖ్యంగా ఆ ఇనుప పొయ్యి. పొట్ట ఉబ్బెత్తుగా ఉండే పాతకాలపు పొయ్యి అది. మొదటిది పోత పోయించి చూసుకుంటే అంత బాగా కుదిరింది, ఇంకా చేయాలనిపించింది. అలా దాదాపు వంద చేశారు, ఒక్కోదానికీ వేరువేరు రంగులు వేశారు. కొన్ని స్నేహితులకు ఇచ్చారు, కొన్ని న్యూయార్క్‌లో ఒక పాతవస్తువుల కొట్లో అమ్మకానికి పెట్టించారు. కోట్ల రూపాయల వ్యాపారం ఉన్న మనిషికి చిట్టి పొయ్యిల మీద వచ్చే డబ్బు ఎందుకు? తన పేరు చూసి కాదు, వస్తువు చూసి ఎవరైనా కొంటారా అని తెలుసుకోవాలనిపించిందేమో.

1949 డిసెంబర్ 24న స్టూడియోలో వేసిన పట్టాల మీద లిలీ బెల్ మొదటిసారి నడిచింది. 1950 మే 7న ఇంటి తోటలో నడిచింది. పెరట్లో ఒక కొట్టం కట్టించారు, అచ్చం మార్సెలీన్ పొలంలోని కొట్టం లాగే. అదే ఆయన వర్క్‌షాపు, రైలు సిగ్నళ్లు మార్చే చోటు కూడా. ఆదివారాలు టోపీ పెట్టుకుని, బొగ్గు మసి పూసుకుని అతిథుల్ని తిప్పేవారు. చికిత్సకు నర్సు ఇచ్చిన సలహా ఫలించింది. ఆ ఏడాదే సిండ్రెల్లా విడుదలై స్టూడియో మళ్లీ నిలదొక్కుకుంది.

మూడేళ్లు అలా నడిచింది.

1953 వసంతంలో ఒక రోజు ఇంజను తోలే అతిథి మలుపు దగ్గర వేగం తగ్గించలేదు. ఇంజను పట్టాలు తప్పి పక్కకు పడింది. పడినప్పుడు కూత గొట్టం విరిగి ఆవిరి బయటికి చిమ్మింది. ఏమైందోనని చూడటానికి దగ్గరికి వచ్చిన ఐదేళ్ల పాపకు కాళ్లు కాలాయి. స్కేలు లెక్క ఇక్కడ పనిచేయదు. ఇంజను ఎనిమిదో వంతు చిన్నదైనా ఆవిరి వేడి ఎనిమిదో వంతు ఉండదు. పీడనం ఒకటే అయితే నీళ్లు ఏ ఇంజన్లోనైనా అదే వేడికి మరుగుతాయి. నూరు డిగ్రీల పైనున్న ఆవిరి పెద్ద ఇంజన్లో ఎంత కాలుస్తుందో బొమ్మ ఇంజన్లోనూ అంతే కాలుస్తుంది.

పాప కోలుకుంది. వాల్ట్ మాత్రం తోట రైలును అంతటితో ఆపేశారు. మరమ్మతు చేయించి, తోలే నియమాలు మార్చి మళ్లీ మొదలుపెట్టవచ్చు. అలా చేయలేదు. ఇంజన్ని స్టూడియోకి పంపించి దాచేశారు. తన తోటలో, తను పిలిచిన పిల్లకు దెబ్బ తగిలింది. తల్లికి కొనిచ్చిన ఇల్లు ఆయనకు ఆ రోజు గుర్తొచ్చి ఉంటుందా అని నేను చాలాసార్లు అనుకున్నాను.

అప్పటికే ఆయన మనసులో ఇంకో రైలు ఉంది. 1948లో చికాగో నుంచి తిరిగొచ్చిన వెంటనే స్టూడియో ఎదురుగా పిల్లలు, పెద్దలు కలిసి తిరిగే ఒక పార్కు ఉండాలని నోట్ రాసిపెట్టుకున్నారు. అందులోనూ రైలుంది. అక్కడ పురపాలక అనుమతి రాలేదు. చివరికి అనహైమ్‌లో 160 ఎకరాల నారింజ తోటలు కొన్నారు. 1955 జూలై 17న డిస్నీలాండ్ తెరిచినప్పుడు పార్కు చుట్టూ ఆవిరి రైలు తిరిగింది. పట్టాల మధ్య మూడడుగులు. లిలీ బెల్ డ్రాయింగుల్ని పెద్దవి చేసి కొత్త ఇంజన్లు గీశారు బ్రాగీ. అంటే మొదట నిజం ఇంజన్ని చిన్నది చేశారు, తర్వాత ఆ చిన్నదాన్ని మళ్లీ పెద్దది చేశారు. ఆ రైలు స్టూడియో ఆస్తి కాదు. తన పేరును తిరగేసి రాసి రెట్‌లా అని పెట్టుకున్న కుటుంబ కంపెనీ పేరు మీద ఉంచుకున్నారు. సినిమాలు వాటాదారులవి, రైలు మాత్రం నాది అన్నట్టు.

పేరెంట్స్ మీటింగ్‌కి వచ్చిన నాన్నగారు ఇక్కడిదాకా చదివి, అంటే మా వాడు డిస్నీ అవుతాడా అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. నేను చెప్పింది నలభై ఐదేళ్ల మనిషి కథ, పన్నెండేళ్ల పిల్లవాడి కథ కాదు. యూనిట్ టెస్టు వారంలో రాత్రి పదకొండు దాకా కూర్చోవడం తప్పే. అయితే మొన్న సైన్స్ ఫెయిర్‌లో నేను చూసిన వర్కింగ్ మోడల్స్‌లో సగం కొట్లో రెడీమేడ్‌గా కొన్నవి. ఒకే థర్మాకోల్ అగ్నిపర్వతం మూడు క్లాసుల్లో కనిపించింది. ఈ బాబు పెట్టెలో చైన్ పిడి లాగితే కదులుతుంది. ఆ పిడి కింద ఏ శిక్షలు రాసి ఉంటాయో కూడా పెన్సిల్‌తో రాశాడు, ఇంగ్లిష్‌లో, ఒక్క స్పెల్లింగ్ తప్పు లేకుండా. వాడి క్లాస్‌వర్క్‌లో నేను ఎప్పుడూ చూడనిది అది.

వాల్ట్ డిస్నీ 1966 డిసెంబర్ 15న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయారు. చిన్నప్పటినుంచీ కాదు గానీ, ఫ్రాన్సు రోజుల నుంచీ సిగరెట్లు మానలేదు. లిలియన్ ఆయన తర్వాత ముప్పై ఏళ్లకు పైగా బతికారు, 1997లో పోయారు. ఆ తర్వాత ఇల్లు అమ్మేశారు, కొత్తవాళ్లు పడగొట్టి ఇంకోటి కట్టుకున్నారు. పెరట్లోని కొట్టాన్ని మాత్రం కూతురు డయాన్ పోనివ్వలేదు. విడదీయించి 1999లో లాస్ ఏంజిలెస్‌లోని గ్రిఫిత్ పార్కులో, పెరటి రైళ్లు నడిపే ఔత్సాహికుల స్థలంలో మళ్లీ నిలబెట్టించారు. లిలీ బెల్ ఇంజను శాన్‌ఫ్రాన్సిస్కోలోని వాల్ట్ డిస్నీ ఫ్యామిలీ మ్యూజియంలో ఉంది. మన పేరెంట్స్‌లో చాలామందికి అన్నో, అక్కో, బావగారో కాలిఫోర్నియాలో ఉన్నారు. సెలవులకు వెళ్తే డిస్నీలాండ్ ఎలాగూ చూపిస్తారు. ఆ కొట్టం నెలలో మూడో ఆదివారం తెరుస్తారు, అదీ చూపించమనండి. పక్కనే చిన్న పట్టాల మీద పెద్దవాళ్లు కూర్చుని తిరుగుతుంటారు.